తొమ్మిది మీటర్ల తర్వాత

దోసకాయ చేదో కాదో తెలుసుకోవడానికి స్నేహలతకు తెలిసిన పరీక్ష ఒక్కటే. కోసి, ఒక ముక్క నాలుక మీద పెట్టుకోవడం. నాలుగు కాయల్లో మూడు బాగుండి నాలుగోది చేదైతే పప్పంతా పారబోయాల్సిందే గనక నాలుగూ చూడాలి. పైన బంగారంలా నిగనిగలాడుతున్నదని దేన్నీ వదలకూడదు. రెండో కాయ ముక్క నోట్లో ఉండగా ఫోన్ మోగింది. భర్త రమాకాంత్.

"లతా, ఫైల్ పంపిన. ఇంట్లనే ఉంటవ్ గదా, జర చూడు."

ఇంట్లోనే ఉండడం అన్నది స్నేహలత ఉద్యోగం. పద్నాలుగేళ్ల సర్వీసు. బదిలీ లేదు, ప్రమోషన్ లేదు, పదవీ విరమణ ఊసే లేదు. 'జర' అన్నది ఆ ఉద్యోగంలో పనిని కొలిచే కొలత. జర చాయ్, అత్తమ్మ మోకాళ్లకు జర నూనె, కూతురు యమునకు జర లెక్కలు, ఆయన పంపిన ఫైలు జర చూపు. జర అంటే కొంచెం అని ఊరందరికీ తెలుసు. భీమారంలోని ఆ ఇంట్లో మాత్రం ఆ మాటకు పొద్దుగూకేదాకా అని అర్థం.

చేతులు కడుక్కుని, డైనింగ్ టేబుల్ మీద కూరగాయలు ఒక పక్కకు జరిపి ల్యాప్‌టాప్ తెరిచింది. రమాకాంత్‌ది పైపులు పరీక్షించే చిన్న కంపెనీ. మీద పూత ఉన్న పైపు లోపల ఎలా ఉందో పూతంతా ఒలిచి చూడలేరు కాబట్టి, ఒక్కచోట బెత్తెడు మేర గీకి, చేతికి గడియారం కట్టినట్టు ఒక పట్టీ బిగిస్తారు. ఆ పట్టీ నుంచి చెవికి వినబడని ధ్వని పైపు గోడలోనే పాకుతూ రెండు వైపులా పోతుంది. దారిలో వెల్డింగో వంపో తుప్పు తిన్న చోటో తగిలితే కొంత ధ్వని వెనక్కి తిరిగి వస్తుంది. అది స్క్రీన్ మీద గీతల్లా కనిపిస్తుంది. నల్ల గీత లేస్తే పైపు చుట్టూ సమానంగా ఉన్నదేదో తగిలిందని అర్థం, బహుశా వెల్డింగ్. దానితోపాటు ఎర్ర గీత కూడా లేస్తే ఏదో ఒక పక్కకు మాత్రమే ఉందని. అప్పుడు అనుమానించాలి. పోను పోను ధ్వని నీరసించి ఉత్త రొద మిగులుతుంది. అలా అయిన చోట ఒక నిలువు గీత పెట్టి తీరాలి. ఇక్కడి దాకా చూశాను, ఆ తర్వాత చూడలేదు అని దాని అర్థం.

ఈ మొత్తం విద్యలో స్నేహలతకు బాగా నచ్చింది ఆ నిలువు గీతే. నాకు తెలిసింది ఇంతవరకే అని మర్యాదగా ఒప్పుకునే గీత. తన ఎరుకలో ఉన్న మగవాళ్లెవరూ అటువంటి గీత గీయగా ఆమె చూడలేదు.

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, ఆపైన చెన్నైలో ఈ పరీక్షల శిక్షణ, ఆ బ్యాచ్‌లో ఒకే ఒక్క ఆడపిల్ల, మొదటి ర్యాంకు. పెళ్లిచూపుల్లో రమాకాంత్ ముచ్చటపడింది ఆమె జడను చూసి కాదు, సర్టిఫికెట్‌ను చూసి. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడని అప్పుడు మురిసిపోయింది కూడా. "నీ సర్టిఫికెట్, నా బండి, కలిసి కంపెనీ నడుపుదాం" అన్నాడు. నడిపారు. బండి మీద ఆయన ఊళ్లు తిరిగాడు, సర్టిఫికెట్ బీరువాలో ఉండిపోయింది. విజిటింగ్ కార్డు మీద ఆయన పేరు బంగారు అక్షరాల్లో ఉంటుంది. ఆమె పేరు మాత్రం ప్రతి రిపోర్టు చివరి పేజీలో, అడుగున, తప్పనిసరై ఉంటుంది. అర్హత ఉన్న మనిషి సంతకం లేకుండా ఆ రిపోర్టు చెల్లదు మరి. ఆరేళ్ల కింద ఆమె టైఫాయిడ్‌తో దవాఖానలో ఉన్నప్పుడు, "అర్జంట్‌కు పనికొస్తది" అని ఒక తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని ఫోటో తీసుకున్నాడు. జ్వరం తగ్గింది. ఫోటో ఆయన ఫోన్‌లోనే ఉండిపోయింది. ఆమె సంతకం ఆమెకన్నా ఎక్కువ ఊళ్లు తిరిగింది.

"మా కోడలా? ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అంటుంది అత్తగారు సమ్మమ్మ, పక్కింటివాళ్లు అడిగితే. "పొద్దుమూకులు కంప్యూటర్ల గీతలు జూస్తది. మా కొడుకే పాపం ఎండల పడి తిరుగుతాండు."

ఆ రోజు వచ్చిన గీతలు ఎనుమాముల రోడ్డులోని ఓంప్రకాశ్ సేఠ్ కోల్డ్ స్టోరేజీవి. మిర్చి బస్తాలు నిలవచేసే గదులు, వాటి ముందు పెద్ద షెడ్డు. గదులను చల్లబరిచే అమోనియాను మిషన్ రూమ్ నుంచి తీసుకుపోయే పైపు ఆ షెడ్డు కప్పు కింద ఇరవై నాలుగు మీటర్లు పోతుంది. ఉక్కు మీద తారు, తారు మీద థర్మోకోల్, దాని మీద రేకు. తారు ధ్వనిని తాగేస్తుంది. పట్టీ కట్టింది మిషన్ రూమ్ చివర. అక్కడి నుంచి మూడు మీటర్ల దగ్గర వెల్డింగ్, ఆరు దాటాక ఇంకోటి, ఎనిమిదిన్నర దాటాక చిన్న ఎర్ర గూని. తొమ్మిది తర్వాత రొద. స్నేహలత తొమ్మిది దగ్గర గీత పెట్టింది. మూడు వాక్యాలు రాసింది. ఎర్ర గూని దగ్గర పూత తీసి చూడాలి. తొమ్మిది మీటర్ల తర్వాత పైపు పరీక్షకు అందలేదు. ఇంకో రెండు చోట్ల పట్టీ కట్టాలి. పంపించి, మూడో దోసకాయ కోసింది.

మధ్యాహ్నం రమాకాంత్ అన్నానికి వచ్చాడు. వస్తూనే మొఖం ముడుచుకుని ఉన్నాడు.

"ఇంకో రెండు చోట్ల కట్టాల్నట. ఎవరు చెప్పాలె ఆ సేఠ్‌కు?"

"మీరే."

"ఎల్లుండి మాల్ ఎక్కిస్తాండు. షెడ్డు రెండు రోజులు బంద్ పెట్టుమంటే ఊకుంటడా? తొమ్మిది తర్వాత నీకేం కనబడ్డది, చెప్పు."

"ఏం కనబడలే."

"కనబడలేదంటే లేదన్నట్టే గదా!"

"కనబడలేదంటే చూడలేదన్నట్టు."

"అబ్బ! నిన్ను కట్టుకునుడు గాదు, కోర్టును కట్టుకున్న."

"అన్నం కాడ ఆ పైపుల ముచ్చటేందిరా" అన్నది సమ్మమ్మ. "పప్పు మంచిగైంది, జర నెయ్యి ఏసుకో." పప్పు చేసిన మనిషి ఎదురుగానే ఉన్నా ఆ పొగడ్త పప్పుకే పోయింది.

కనబడకపోతే లేనట్టే. ఆ మాట ఆమెకు కొత్త కాదు. పోయినేడు మెడ నుంచి భుజం దాకా నొప్పి లేచి చెయ్యి ఎత్తలేకపోతే దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ తొందరలో నడుముకు ఎక్స్‌రే తీసి పంపించారు. "రిపోర్ట్‌ల ఏం లేదు గదా, మళ్ల నొప్పేంది?" అని ఆయన, "మంచిగనే ఉన్నవ్ గదనే, మొఖం కళకళ్లాడుతాంది" అని అత్తమ్మ. చూసింది నడుమును, నొప్పి మెడలో. అయినా రిపోర్టు రిపోర్టే. ఆ చేత్తోనే ఆ నెలంతా పచ్చడి దంచింది. కాలేజీ రోజుల్లోనైతే ఆడదాని బతుకును తారు పూసిన పైపుతో పోల్చి ఒక కవిత రాసి, కాలేజీ పత్రికకు ఇచ్చి ఉండేది. ఇప్పుడు పైపును అంత తక్కువ చేయబుద్ధి కాదు. దానికి అయిదేళ్లకు ఒకసారైనా పరీక్ష చేస్తారు.

మర్నాడు పొద్దున గిన్నెలు తోమడానికి మొగిలమ్మ వచ్చింది. మిర్చి సీజనులో ఆమెకు రెండు పనులు. ఏడింటికి ఇక్కడ అంట్లు తోమి, తొమ్మిదింటికి ఓంప్రకాశ్ సేఠ్ షెడ్డులో మిరపకాయలకు ముచ్చికలు తీయడానికి పోతుంది. ఆమె కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"కండ్లేంది అట్లైనయ్?" అంది స్నేహలత.

"మిర్చి కాడ పని గదక్కా."

"ఇరవై ఏండ్ల సంది చేస్తానవ్ గదా ఆ పని. ఎన్నడన్న ఇట్లైందా?"

మొగిలమ్మ పీచు కింద పెట్టింది. ఆ ప్రశ్న తననెవరూ అడగలేదన్నట్టు చూసింది. "గదే నేనంటే మేస్త్రీ నవ్వుతడక్కా. మిరపకాయల కాడ కండ్లు మండక చల్లగుంటయా అంటడు. మిర్చి ఘాటు నాకెరుక లేదా? మిర్చికి తుమ్ములొస్తయ్, ముక్కు కారుతది, బయటికొస్తే పోతది. ఇది అట్ల గాదు. గొంతు పట్టేస్తది. పసిపిల్లల పక్కబట్ట ఉతకకుండ పెడ్తే వాసనొస్తది సూడు, గట్ల."

స్నేహలత చేతిలోని పాలగిన్నె కింద పెట్టింది. అమోనియా వాసన సరిగ్గా అదే.

"ఎక్కడ కూసుంటరు మీరు?"

"ఆ పెద్ద పైపు కిందనే. రేకుల షెడ్డు గద, ఎండకు కుతకుతలాడుతం. ఆ పైపు కింద జర సల్లగుంటదని ముసలోళ్లు, పిల్లతల్లులు అందరం గాడనే కూసుంటం. జాగ కోసం కొట్లాట కూడ అయితది." నవ్వి మళ్లీ పీచు అందుకుంది. "సేఠ్ నిన్ననే చెప్పిండక్కా, ఫికర్ చెయ్యకుండ్రి, పైపుకు పరీక్ష అయింది, ఏం లేదని కాయితం వచ్చిందని."

నిన్ననే. స్నేహలత ల్యాప్‌టాప్ తెరిచి కంపెనీ మెయిల్‌లో చూసింది. నిన్న సాయంత్రం పోయిన రిపోర్టు ఉంది. ఆమె తొమ్మిది మీటర్ల దగ్గర పెట్టిన నిలువు గీత ఇరవై నాలుగు మీటర్ల దగ్గర, పైపు చిట్టచివర నిలబడి ఉంది. రొదంతా ఇప్పుడు పరీక్ష అయిపోయిన పైపు. ఎర్ర గూని మీద 'సపోర్టు' అని చిన్న చీటీ. కింద ఒక వాక్యం: పైపు మొత్తం పొడవునా లోపం లేదు. దాని కింద ఆమె సంతకం. టైఫాయిడ్‌లో పెట్టిన సంతకం కదా, చివరి అక్షరం కొంచెం వణికి ఉంటుంది.

రమాకాంత్‌కు ఫోన్ చేసింది. కాజీపేటలో ఇంకో పని మీద ఉన్నాడు.

"ఆ గీత ఎవరు జరిపిండ్రు?"

"ఏ గీత? ఓ, అదా. జర జరిపిన. దానికేంది?"

"కింద నా సంతకం ఉంది."

"నీ సంతకం, నా సంతకం వేరా లతా?"

పద్నాలుగేళ్ల కాపురంలో ఆయన అన్న మాటల్లో ఇంత ప్రేమగా ఉన్నది ఇంకోటి గుర్తు రాలేదు. ఇన్నేళ్లుగా ఎన్ని రిపోర్టుల కింద ఆ వణికిన అక్షరం ఉందో, ఎన్ని పైపుల్లో తాను పెట్టిన గీతలు లేచి నడిచిపోయాయో, వాటి కింద ఎవరెవరు కూర్చుని ఉన్నారో. తాను చూడలేదు. చూడలేదంటే లేదని తానూ అనుకుంది. చదువుకున్నదై ఉండీ, ఇంట్లో జరిగేదానికి మటుకు నిలువు గీత పెట్టుకోవడం మర్చిపోయింది. పంపిన రిపోర్టు ఒక్కసారి తెరిచి చూడడానికి ఎంతసేపు పట్టేది? జరసేపు.

"మీరు సేఠ్‌కు ఫోన్ చేసి చెప్తరా, నేను చెప్పాల్నా?"

"పిచ్చిపిచ్చిగ చెయ్యకు. సాయంత్రం ఇంట్ల మాట్లాడుకుందాం." ఫోన్ పెట్టేశాడు.

గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తున్నది. మొగిలమ్మ అప్పటికే చేతులు తుడుచుకుని బయలుదేరింది. రిపోర్టు మొదటి పేజీలో ఓంప్రకాశ్ నంబరు ఉంది.

"సేఠ్ గారూ, నేను స్నేహలతను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "మేడం! నమస్తే మేడం. ఎంత భాగ్యం. రమాకాంత్ గారు మీ గురించి మస్తు చెప్పిండు. హైదరాబాద్ల పెద్ద ఆఫీసు, మీరు దినాం ఇరవై రిపోర్టులు చూస్తరని, అపాయింట్‌మెంట్ దొరుకుడే కష్టమని..."

స్నేహలత ఒక్క క్షణం తన పెద్ద ఆఫీసును కలియచూసింది. టేబుల్ మీద ఎల్లిపాయ పొట్టు, యమున వదిలిపోయిన టిఫిన్ ప్లేటు, పక్క గదిలోంచి "చాయ్ ఏమాయె?" అని అత్తమ్మ కేక. నవ్వు వచ్చింది. ఇంట్లో ఉన్న మనిషికి విలువ లేదని ఆయనకూ తెలుసన్న మాట. అందుకే విలువ కావలసినప్పుడు ఆమెను హైదరాబాద్‌లో పెట్టాడు.

"సేఠ్ గారూ, మీకొచ్చిన రిపోర్ట్ తప్పు. ఆడోళ్లందరిని షెడ్డు బయట కూసోపెట్టుండ్రి. మిషన్ బంద్ చేసి ఆ లైన్ వాల్వు మూపియ్యుండ్రి. నేనొచ్చి పైపు తెరిపించి చూస్త."

"మీరే వస్తరా మేడం? హైదరాబాద్ నుంచి వచ్చేటాల్లకు మూడు గంటలైతది గదా. అందాక పని ఆపుడంటే..."

"ఇరవై నిమిషాల్ల వస్త."

చీర కూడా మార్చుకోలేదు. చాయ్ గ్లాసు అత్తమ్మ చేతిలో పెట్టి, "బయటికి పోతాన అత్తమ్మా" అంది. "వంటో?" అంది సమ్మమ్మ. "నిన్నటి పప్పుంది, చాలా మంచిగైంది గదా" అని చెప్పులు వేసుకుంది.

ఆమె ఆటో దిగేసరికి షెడ్డు ముందు నలభై మంది ఆడవాళ్లు నీడలో కూర్చుని ఉన్నారు. ఓంప్రకాశ్ ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని ఆటోలోకి చూశాడు. "మీరు... రమాకాంత్ గారి ఇంటామె గదా? భాభీ, మేడం ఏరి?"

"నేనే. రిపోర్ట్ మీద పేరు చదువుకోండ్రి, నా ఆధార్ కార్డు చూసుకోండ్రి."

ఆయన నిజంగానే చూశాడు. అంతలో బండి మీద రమాకాంత్ వచ్చాడు. మేడం గారు వస్తున్నారని సేఠ్ స్వయంగా ఫోన్ చేసి పిలిపించాడట. భార్యను చూసి, సేఠ్‌ను చూసి, హెల్మెట్ తీయడం మర్చిపోయి నిలబడ్డాడు.

ఎర్ర గూని ఉన్న చోట ముందు తెరిపించింది. మెకానిక్ రేకు విప్పి, థర్మోకోల్ కోసి, తారు గీకాడు. లోపల తుప్పూ లేదు, చిల్లూ లేదు. ఎప్పుడో పైపు వేలాడదీయడానికి ఒక పక్కన అంటించిన ఇనుప చెవి. ఎర్ర గీత దానిదే. సపోర్టు.

రమాకాంత్ హెల్మెట్ తీశాడు. "చూసిండ్రా సేఠ్, నేను రాసిందే అయింది! మా ఆమెకు చదువు ఎక్కువ, అనుమానం ఇంకా ఎక్కువ." నవ్వాడు. సేఠ్ కూడా హాయిగా నవ్వి, "మంచిదే గదా భాభీ, మన మంచికే చెప్పిండ్రు" అన్నాడు. మేడం ఎప్పుడు భాభీ అయిపోయిందో ఆమెకు స్పష్టంగా వినిపించింది. మేస్త్రీ బయటివాళ్లను కేకేశాడు. "లేవుండ్రి, లేవుండ్రి. పొద్దెక్కింది, పనికి రాండ్రి." ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని లేచారు.

ఇప్పుడు ఇంటికి పోవచ్చు. అందరూ క్షమించేశారు కూడా. ఇంకో పదేళ్లు చెప్పుకుని నవ్వుకోవడానికి రమాకాంత్‌కు ఒక ముచ్చట దొరికింది. స్నేహలత ఆ ఇనుప చెవి వైపే చూస్తున్నది. తప్పు చదవలేదు తాను. ఎర్ర గీత ఒక పక్కన ఏదో ఉందని చెప్పింది, ఉంది. ఆయన చూడకుండా రాసింది నిజమైంది, తాను చూడమని రాసింది అనుమానమైంది. కానీ అసలు భయం ఎర్ర గీతది కాదు కదా. కనబడింది ఏమీ చేయలేదు. కనబడని పదిహేను మీటర్లు ఇంకా అలాగే ఉంది, దాని కింద చల్లటి జాగా కోసం బుట్టలు అప్పుడే వరస కడుతున్నాయి.

"మొగిలమ్మా" అంది గట్టిగా. "నీకు గొంతు పట్టేది ఎక్కడ కూసుంటే?"

మొగిలమ్మ మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీ సేఠ్ వైపు చూశాడు. రేపటి నుంచి పని ఉంటుందో లేదో ఆ చూపుల్లో తేలుతుంది. ఆమె కొంగు సర్దుకుని, బుట్ట అక్కడే వదిలి, పైపు కిందుగా నడుచుకుంటూ పోయింది. మొదటి స్తంభం దాటింది, రెండోది దాటింది, మూడో స్తంభం పక్కన ఆగింది. ఆ వెనక ఒక ముసలమ్మ పోయి ఆమె పక్కన నిలబడింది. తర్వాత చంకలో పిల్లతో ఒకామె, ఇంకో ఇద్దరు. ఎవరూ ఎవరినీ అడగలేదు. అయిదుగురూ ఒకే చోట, నాలుగు అడుగుల మేరలో నిలబడ్డారు.

పట్టీ కట్టిన చోటు నుంచి స్నేహలత అడుగులు వేసింది. ఎంత తక్కువనుకున్నా పదహారు మీటర్లు. ధ్వని అంత దూరం రానేలేదు.

"అందరూ మళ్ల బయటికి పోండ్రమ్మా" అని, మెకానిక్‌తో, "నిచ్చెన ఇటు తే. ఇక్కడ తెరువు" అంది.

రమాకాంత్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "లతా, పరువు తీయకు. ఆ రిపోర్ట్ నేను వాపస్ తీసుకుంట, ఇంటికి పోదాం పా. సంతకం ఫోటో కూడ ఇప్పుడే తీసేస్త, సరేనా?"

"అది మీరు ఇక్కడే, సేఠ్ ముందల తీసేయుండ్రి."

"మరి ఇదంత తెరిచినంక ఏం లేకపోతే? అప్పుడేం రాస్తవ్?"

మెకానిక్ నిచ్చెన తెచ్చి స్తంభానికి ఆనించాడు. పైకి పోవడానికి తటపటాయిస్తున్నాడు. స్నేహలత చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"లేదని రాస్త" అంది. "చూసి రాస్త."